నోరు వాసన చూడమన్న పిల్లవాడు

కృష్ణుడు మన్ను తిన్న కథ తెలియని తెలుగిల్లు అరుదు. విదేశాలలో పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు సైతం అక్షరాలు కుదరకముందే ఈ కథ చేరుతుంది. చిక్కంతా అక్కడే ఉన్నది. మరీ తెలిసిపోయిన కథలో ముందుగా అడుగంటేది ఆశ్చర్యమే. పద్యాల పోటీలో పిల్లవాడు పోతన పద్యాన్ని రాగయుక్తంగా చదువుతాడు. భావం చెప్పమంటే, నోట్లో విశ్వం కనిపించింది కనుక కృష్ణుడు దేవుడు అని ఒక్క వాక్యంలో ముగిస్తాడు. చెప్పినదానిలో తప్పు లేదు. కాని పోతన ఈ ఘట్టాన్ని అంత తొందరగా ముగించలేదు. ఆయన ఎక్కడ నిలిచాడో, ఎక్కడ వడిగా సాగిపోయాడో మూలంతో పోల్చి చూస్తేనే, ఆశ్చర్యాన్ని ఆయన ఎక్కడ వెతికాడో మనకు తెలుస్తుంది.

దశమ స్కంధంలో బలరాముడు, తోటి గోపబాలురు చాడీ చెప్పగా యశోద కొడుకును పట్టుకొని నిలదీస్తుంది. వ్యాసుని బాలుడు సూటిగా మాట్లాడతాడు: నేను తినలేదమ్మా, వీరందరూ అబద్ధమాడుతున్నారు, వీరి మాటే నిజమనుకుంటే నా నోరు నీవే చూడు అంటాడు. పోతన బాలుడు వాదానికి దిగుతాడు. మన్ను తినడానికి నేనేమైనా పసివాడినా, ఆకలిగొన్నవాడినా, వెర్రివాడినా అని తల్లినే ఎదురు ప్రశ్నిస్తాడు. నీచేత నన్ను కొట్టించడానికే వీరు ఇలా కల్పించి చెబుతున్నారు అంటాడు. ఇంకా నమ్మకపోతే నా నోరు వాసన చూడు, నా మాట తప్పైతే అప్పుడు శిక్షించు అంటాడు.

మూలంలోని చూపు పోతన చేతిలో వాసనగా మారింది. ఈ మార్పును వ్యాఖ్యాతలు ఎంతగా పట్టించుకున్నా చాలదని నా అభిప్రాయం. బిడ్డ ఏమి తిని వచ్చాడో తల్లికి ముందుగా తెలిసేది ముక్కుతోనే. దాచి తిన్న చాక్లెట్‌ను ఈనాటి తల్లి పట్టుకునేదీ ఆ విధంగానే. బ్రహ్మాండాన్ని చూపడానికి ముందు పోతన మనలను ఒక బిడ్డ నోటి దగ్గరకు, ముక్కు ఆనించేంత దగ్గరకు తీసుకుపోయాడు. పైగా పిల్లవాడి తగవుకు ఆయన ఎంచుకున్న వృత్తం శార్దూలం! గంభీరమైన ప్రసంగాలకు తగిన ఆ నడకలో అల్లరి పిల్లవాడు బొంకుతూ ఉంటే నవ్వు రాక మానదు.

తరువాత ఆ నోరు తెరుచుకుంటుంది. మూలంలో విశ్వదర్శనం 3 శ్లోకాలు పరచుకున్నది. పోతన దానిని ఒక్క కందంలో ముగించాడు. సముద్రాలు, పర్వతాలు, అడవులు, భూగోళం, అగ్ని, సూర్యచంద్రులు, దిక్పాలకులు అన్నీ ఆ చిన్న పద్యంలో ఇమిడిపోయాయి. వర్ణనకు ఇంత అవకాశం ఉండగా ఈ పొదుపు ఎందుకని ఎవరైనా ఆక్షేపించవచ్చు. చిన్న నోట్లో పెద్ద విశ్వం పట్టినట్లే చిన్న పద్యంలో అదంతా పట్టాలని కవి అనుకున్నాడేమో! అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. అక్కడ మిగిల్చుకున్న చోటును ఆయన తల్లి తడబాటుకు ఇచ్చాడు.

ఆ తడబాటుకు ఒక నిండు మత్తేభం ఖర్చయింది. మూలంలో యశోదకు 4 సందేహాలు: ఇది కలయా, దేవమాయయా, నా బుద్ధి భ్రమయా, లేక నా బిడ్డకు పుట్టుకతో వచ్చిన యోగశక్తియా? పోతన యశోద ఇంకా ముందుకు పోయింది. నేను అసలు యశోదను కానేమో, ఇది మరొక చోటేమో అని కూడా సందేహించింది. తన ఇంట, తన బిడ్డ ఎదుట నిలిచి తన పేరునే అనుమానించే స్థితి అది. విశ్వం వింతగా కనబడటం పెద్ద విశేషం కాదు, అది ఎప్పుడూ వింతే. రోజూ తిరిగే ఇల్లు వింతగా కనబడటమే పోతన పట్టుకున్న ఆశ్చర్యం.

ఆపైన ఆమె, ఇతడు పరమాత్ముడే అని నిశ్చయించుకొని మనసులో శరణు కోరుతుంది. నా దృష్టిలో అద్భుత రసం అక్కడ ఆగి భక్తి మొదలవుతుంది. భక్తులు ఒప్పుకోకపోవచ్చు. కాని ప్రశ్నకు జవాబు దొరికిన తరువాత మిగిలేది ఆశ్చర్యమని నేను అనలేను. మన పిల్లలకు మనం నేర్పుతున్నది ఆ జవాబునే. ఆమె వేసుకున్న ప్రశ్నలను పద్యంతోపాటు కంఠస్థం చేయిస్తున్నాము, అడగనివ్వడం లేదు.

ఆలంకారికులు అద్భుత రసానికి విస్మయాన్ని స్థాయీభావంగా చెప్పారు. స్థాయి అంటే నిలిచి ఉండేది. యశోదలో మాత్రం అది నిలువలేదు. మాయ కమ్మగానే చూసినదంతా మరచి, మునుపటివలె కొడుకును ఒడిలోకి తీసుకున్నది. అయితే విస్మయం ఎక్కడ నిలిచినట్లు? చదివినవారిలో. ఆమె మరచిపోయింది కాని మనం మరువలేదు. అందువల్లనే ఆ తరువాత ఆమె పాలు పట్టినా, కోపగించినా, మనకు ఆ నోటిలోని సముద్రాలు గుర్తుకు వస్తూనే ఉంటాయి. ఆమెకు మామూలైన పని మనకు ఇక మామూలుది కాదు.

పిల్లలు అడగదగిన ప్రశ్న ఒకటి ఉన్నది: ఇంతకీ మన్ను తిన్నాడా, లేదా? భావం చెప్పే పెద్దలు దీనిని కొంటె ప్రశ్నగా తోసివేస్తారు. నేనైతే దీనికే బహుమతి ఇస్తాను. భూగోళమే నోటిలో ఉన్నప్పుడు మన్ను లేదని ఎలా అంటాము? అంతా లోపలే ఉన్నవాడు వెలుపలినుండి తినగలిగిందేమిటి? తిన్నాడన్న బలరాముడూ, తినలేదన్న కృష్ణుడూ ఇద్దరూ నిజమే చెప్పారని వాదించవచ్చు. ఒక ఆదివారపు తరగతి మొత్తం ఈ వాదానికి చాలదు.

పిల్లలకు ఈ కథ చెప్పేవారు దీనిని ఇక్కడ ఆపకుండా తరువాతి ఘట్టాన్ని కూడా కలిపి చెప్పాలి. బ్రహ్మాండాన్ని చూసిన ఆ తల్లే, కుండ పగిలిన కోపంతో కొడుకును రోటికి కట్టబోతుంది. తాడు రెండు అంగుళాలు తక్కువవుతుంది. మరొక తాడు ముడివేస్తుంది. మళ్లీ రెండు అంగుళాలే తక్కువ.