రేకు మీద ఫ్రిదా

మెక్సికో చిత్రకారిణి ఫ్రిదా కాలో అనగానే చాలామందికి కలిసిపోయిన కనుబొమలు, జడల్లో పూలు గుర్తొస్తాయి. చేతిసంచుల మీద, చొక్కాల మీద అదే ముఖం. ఆమె బొమ్మల పుస్తకం తెరిస్తే నేను మాత్రం 1932 నాటి ‘హెన్రీ ఫోర్డ్ హాస్పిటల్’ దాటి ముందుకు పోలేను. దాని ఎత్తు 30 సెంటీమీటర్లు, వెడల్పు 38. గుడ్డ మీద కాదు, లోహపు రేకు మీద వేసింది. డెట్రాయిట్‌లో గర్భం పోయాక ఆసుపత్రి మంచం మీద నెత్తుటిలో పడుకుని ఉన్న తనను తానే వేసుకుంది. చేతిలో ఎర్రటి దారాలు. వాటి కొసల్లో పుట్టని బిడ్డ, నత్త, కటి ఎముక, ఊదారంగు ఆర్కిడ్ పువ్వు. దూరంగా ఫ్యాక్టరీలు.

రేకే ఎందుకంటే, మెక్సికోలో మొక్కుబడి బొమ్మలు వేసేది రేకు మీదే. ప్రాణగండం తప్పినవాళ్లు జరిగిందంతా చిన్న రేకు మీద బొమ్మగా వేయించి, కాపాడిన దేవతను పైన చూపించి, అడుగున నాలుగు మాటల్లో కృతజ్ఞత రాయించి చర్చిలో పెడతారు. మన గుళ్లలో మొక్కు తీరాక సమర్పించే వెండి కళ్ల లాంటివే, కాకపోతే ఇవి కథంతా చెబుతాయి. ఫ్రిదా, డియెగో రివేరా దంపతులు వీటిని వందల్లో సేకరించారు.

అందులో ఒకటి బస్సు ప్రమాదం బొమ్మ. ఎవరి మొక్కో. ఫ్రిదా దానిలో పడి ఉన్న అమ్మాయికి కనుబొమలు కలిపేసి, బస్సు మీద తన ఊరు కోయొకాన్ పేరు రాసి, అడుగున తన తల్లిదండ్రుల పేరిట కృతజ్ఞత చేర్చింది. 1925 సెప్టెంబరు 17న ఆమె ఎక్కిన బస్సును ట్రామ్ గుద్దింది. ఇనుప కమ్మీ కటిలోకి దిగింది, వెన్నెముక మూడు చోట్ల విరిగింది. అప్పుడామెకు 18 ఏళ్లు. మంచానికి పైన అద్దం బిగించి, పడుకునే వేసుకునే ఈజిల్ చేయించింది వాళ్లమ్మ.

ఈమధ్య నేనూ రేకు మీద నూనె రంగులు వేస్తున్నాను. శాండ్‌పేపర్‌తో రుద్ది పూత పూసినా రేకు రంగును పీల్చదు. దట్టంగా వేస్తే జారుతుంది. సన్న కుంచెతో పొర ఆరాక పొర వేయాల్సిందే. ఆవేశంతో అయ్యే పని కాదు. ఫ్రిదాకు ఆ ఓపిక తండ్రి గియెర్మో దగ్గర పట్టుబడింది. ఆయన ఫొటోగ్రాఫర్. ఫొటోలకు చిన్న కుంచెతో మెరుగులు దిద్దడం కూతురికి నేర్పాడు. అందుకే ఫ్రిదా బాధను బొమ్మల్లో కుమ్మరించిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కుమ్మరిస్తే ఇంత సన్నటి గీత రాదు.

‘నా జననం’ చూడండి. అదీ 1932దే, అదీ రేకు మీదే. ప్రసవిస్తున్న తల్లి ముఖం మీద దుప్పటి కప్పి ఉంటుంది. గోడ మీద మేరీ మాత పటం ఏడుస్తూ ఉంటుంది. అడుగున కృతజ్ఞత రాయాల్సిన పట్టీ ఉంది గానీ, అందులో ఒక్క అక్షరం లేదు. మొక్కుబడి బొమ్మ హంగులన్నీ తీసుకుని, దేవుడికి చెప్పాల్సిన మాట దగ్గర ఆపేసింది. ఆమె ధైర్యం నాకు అన్నిటికన్నా అక్కడ కనిపిస్తుంది.

1954లో, 47 ఏళ్లకే పోయింది. ‘కల (మంచం)’ అనే బొమ్మ 2025 నవంబరులో న్యూయార్క్ వేలంలో 5.47 కోట్ల డాలర్లు పలికింది. ధర సంగతి ఎలా ఉన్నా, ఆమె ప్రభావం అనగానే నాకు శిష్యులే గుర్తొస్తారు. 1943లో లా ఎస్మెరాల్దా కళాశాలలో పాఠాలు మొదలుపెట్టి, ఆరోగ్యం సహకరించక పిల్లల్ని ఇంటికే రమ్మంది. చివరిదాకా నిలిచింది నలుగురే. వాళ్లకు ‘లోస్ ఫ్రిదోస్’ అని పేరు పడింది. జీవితమంతా తన ముఖం వేసుకున్న ఆ గురువు వాళ్లను అద్దం ముందు కూర్చోబెట్టలేదు. వీధిలోకి పంపింది, లా రోసీతా అనే పుల్కే కల్లు దుకాణం గోడల మీద బొమ్మలు వేయించింది. వాళ్లలో ఆర్తురో గార్సియా బుస్తోస్ అచ్చు చిత్రాలు చెక్కాడు, ఫానీ రాబెల్ పెద్ద పెద్ద గోడలకు బొమ్మలు వేసింది.