విసరడం కాదు, నెట్టడం

జహీరాబాద్‌లో బడి ఆటల పోటీలప్పుడు మైదానంలో సున్నంతో గీసిన గుండ్రటి బరి ఒకటి కనిపిస్తుంది. పిల్లలు వరసగా వచ్చి ఇనుప గుండును బంతిలా విసరబోతారు. ‘విసరొద్దురా, నెట్టు’ అని పీఈటీ సారు గొంతు చించుకుంటాడు. షాట్‌పుట్ విద్యంతా ఆ మాటలోనే ఉంది. గుండు మెడకు ఆని ఉండాలి, భుజం వెనక్కి పోకూడదు, ఒంటి చేత్తో నెట్టాలి.

ఈ విద్యలో మన తెలుగువాడొకడు పారాలింపిక్స్ దాకా వెళ్లాడు. అనకాపల్లి జిల్లాకు చెందిన రొంగలి రవి. 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో, ఎఫ్40 విభాగంలో 9.92 మీటర్లతో వెండి పతకం గెలిచాడు. ఏడాది తిరగకముందే పారిస్ పారాలింపిక్స్‌లో 10.63 మీటర్లు నెట్టి ఐదో స్థానంలో నిలిచాడు.

ఎఫ్ అంటే ఫీల్డ్ పోటీ. 40 అంటే ఎత్తు బాగా తక్కువగా ఉన్నవాళ్ల వర్గం. పురుషుల్లో ఎత్తు 130 సెంటీమీటర్లు, చేయి 59 సెంటీమీటర్లు మించకూడదు. రెండూ కలిపినా 180 దాటకూడదు. ఊళ్లో వెక్కిరింతకు గురయ్యే పొట్టితనాన్ని ఇక్కడ టేపు పెట్టి కొలుస్తారు. అందులో జాలి లేదు, సాటివాడితో సాటిగా నిలబెట్టడమే ఉంది. నాకు ఈ పోటీల మీద గౌరవం కలిగింది అక్కడే.

గుండు బరువు 4 కిలోలు. బరి మాత్రం ఒలింపిక్స్‌లో ఆరడుగులవాళ్లు దిగే బరే, అడ్డంగా 2.135 మీటర్లు. చేయి పొట్టిదైతే చివరి తోపుకు దొరికే దారీ పొట్టిదే. గుండు చేతిని వదిలే ఎత్తూ తక్కువే కాబట్టి తొందరగా నేలకు దిగుతుంది. ఈ రెండు లోట్లనూ వేగంతోనే పూడ్చుకోవాలి. వేగం పదోవంతు పెరిగితే దూరం దాదాపు ఐదోవంతు పెరుగుతుంది మరి. ఆ వేగం చేతిలో పుట్టదు. వెనక కాలి మడమ దగ్గర మొదలై మోకాలు, తుంటి, నడుము, ఛాతీ మీదుగా వచ్చి చివర వేళ్ల కొసల్లో తేలుతుంది. మధ్యలో ఒక్కటి ముందో వెనకో అయినా బలం ఆవిరే. కొందరు వెనక్కి తిరిగి నిలబడి ఒక్క జారుడుతో ముందుకొస్తారు, కొందరు డిస్కస్‌లోలాగా గిర్రున తిరుగుతారు.

ఉత్తరాంధ్ర పల్లెల్లో పండగలకు సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు పెడతారు. అక్కడ గెలిపించేది బరువును మోయగల ఓపిక. షాట్‌పుట్‌లో అదే బలాన్ని రెప్పపాటులో ఖర్చుపెట్టేయాలి.

కూర్చుని నెట్టేవాళ్ల లెక్క వేరు. నడుము కింద పట్టులేని దీపా మాలిక్ 2016 రియోలో 4.61 మీటర్లతో వెండి పతకం తెచ్చింది. కాళ్ల సాయం లేని ఆ దూరాన్ని నిలబడి నెట్టేవాళ్ల అంకెలతో పోల్చి చూస్తే ఆమె చేసిన పని మన కంటికి ఆనదు.

మళ్లీ రవి దగ్గరికి వస్తే, పారిస్‌లో అతని విభాగంలో పోర్చుగల్‌కు చెందిన మిగెల్ మొంతైరో 11.21 మీటర్లతో బంగారు పతకం గెలిచాడు. కంచు పతకం 11.03 దగ్గర ఆగింది. రవికి తక్కువైంది 40 సెంటీమీటర్లు, మూరకు కాస్త తక్కువ. హాంగ్‌జౌ నుంచి పారిస్‌కు వచ్చేలోపు అతను పెంచుకున్నది 71 సెంటీమీటర్లు.




గుండు చేయి వదిలాక కూడా పని మిగిలే ఉంటుంది. ఒంట్లోని ఊపంతా ముందుకే తోస్తుంటే, పాదాలు మార్చుకుని, బరి అంచున ఉన్న చెక్క ఇవతలే నిలదొక్కుకోవాలి. గుండు నేలను తాకేదాకా అక్కడే ఆగి, వెనక సగం నుంచి బయటికి నడవాలి. అప్పుడే తెల్లజెండా లేస్తుంది.