బృందగానం, ఏకగానం: రోజర్ వాటర్స్ మీద మన వాదాలు

పాట ఒక మనిషిదా, ఒక బృందానిదా అన్న ప్రశ్న పైకి కేవలం అభిరుచికి సంబంధించినదిగా కనిపిస్తుంది. లోతుకు దిగి చూస్తే అది శ్రమకు, శ్రమఫలానికి, పేరుకు సంబంధించిన ప్రశ్న. హైదరాబాదు హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసుకునే మన యువకుల మధ్య ఇంగ్లీషు రాక్ సంగీతకారుడు రోజర్ వాటర్స్ గురించి జరిగే వాదప్రతివాదాలను పలుమార్లు విన్న మీదట నాకు ఈ సంగతి మరింత స్పష్టంగా తోచింది. వీటిని కుర్రకారు కాలక్షేపమని తోసిపుచ్చడం విమర్శకుని పని కాదు. జనం దేన్ని గురించి పట్టుదలగా వాదించుకుంటారో అందులో వారి జీవితం ఎంతో కొంత ఉండితీరుతుంది.

ముందు ఈ శ్రోతలెవరో చూద్దాం. 1998లో సైబర్ టవర్స్ తెరచిన నాటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల రాళ్లగుట్టల మధ్య అద్దాల మేడలు లేచాయి. వాటిలో పనిచేసేవారిలో అనేకులు గుంటూరు, కరీంనగర్, అనంతపురం, శ్రీకాకుళం వంటి చోట్ల నుంచి వచ్చినవారు; రైతుల, గుమాస్తాల, బడిపంతుళ్ల బిడ్డలు. ఇంట్లో ఘంటసాల పాట వింటూ పెరిగి, ఇంజినీరింగు కాలేజీ హాస్టలు గదిలో పింక్ ఫ్లాయిడ్‌ను విన్నారు. తమకు మాటలు దొరకని ఒంటరితనానికీ, విసుగుకూ, కోపానికీ ఆ సంగీతంలో ఒక రూపం దొరికింది. కనుక ఇది పరాయి సంగీతమని, కొత్త డబ్బు తెచ్చిన వేషమని కొందరు పెద్దలు చేసే ఈసడింపు నాకు సమ్మతం కాదు.

ఈ శ్రోతల్లో రెండు పక్షాలున్నాయి. గచ్చిబౌలి డి.ఎల్.ఎఫ్. ఎదుటి తినుబండారాల బండ్ల దగ్గర రాత్రిపూట నిలబడితే రెండు పక్షాల వాదనా వినవచ్చు. ఒక పక్షానికి వాటర్సే పింక్ ఫ్లాయిడ్. రెండవ పక్షానికి గిటార్ వాయించిన డేవిడ్ గిల్మర్ లేనిదే పింక్ ఫ్లాయిడ్ లేదు.

వాటర్స్ పక్షం చెప్పేదానిలో నిజం లేకపోలేదు. 1965లో లండన్‌లో సిడ్ బారెట్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్, వాటర్స్ కలిసి ఈ బృందాన్ని నిలిపారు. మొదటి పాటలకు ప్రాణం బారెట్. ఆయన మనఃస్థితి చెదిరి 1968లో బృందానికి దూరమయ్యాడు. ఆ ఏడాది మొదట్లోనే గిల్మర్ వచ్చి చేరాడు. తరువాత ఆలోచన బాధ్యత క్రమంగా వాటర్స్ మీదికి వచ్చింది. 1973లో వెలువడిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' లోని పాటల మాటలన్నీ ఆయన రాసినవే. డబ్బు, కాలం, యుద్ధం, మతిభ్రమ - మధ్యతరగతి మనిషిని లోపలి నుంచి తినివేసే వాటినన్నిటినీ ఒకే మాలగా గుచ్చాడు. 1977 నాటి 'యానిమల్స్'లో సమాజాన్ని కుక్కలు, పందులు, గొర్రెలుగా విడదీసి చూపాడు. 1979లో వచ్చిన 'ది వాల్' దాదాపు ఆయన స్వీయచరిత్రే. వస్తువు ఆయనదైనప్పుడు కృతి మాత్రం ఆయనది కాదా అని ఈ పక్షం అడుగుతుంది.

గిల్మర్ పక్షం దీనికి బదులుగా వాటర్స్ ఒంటరి ప్రయాణాన్ని చూపుతుంది. 1985లో ఆయన బృందాన్ని విడిచాడు. తాను లేని పింక్ ఫ్లాయిడ్ ఉండరాదని 1986లో కోర్టుకెక్కాడు. 1987లో రాజీ కుదిరింది. బృందం పేరు గిల్మర్, మేసన్‌లకు దక్కింది, 'ది వాల్' మీద హక్కు వాటర్స్‌కు దక్కింది. బృందాన్ని విడిచాక ఆయన సొంతంగా తెచ్చిన 'రేడియో కేయాస్' (1987), 'అమ్యూజ్డ్ టు డెత్' (1992) ఆలోచనలో ఎంత పదునైనవైనా, వాటిలో ప్రసంగం పెరిగి సంగీతం తగ్గిందని వీరి ఫిర్యాదు. అటు వాటర్స్ లేని పింక్ ఫ్లాయిడ్ 1987లో తెచ్చిన 'ఎ మొమెంటరీ లాప్స్ ఆఫ్ రీజన్'లో నాదం నిండుగా ఉన్నా చెప్పవలసిన సంగతి పలచబడిందని అవతలి పక్షం తిప్పికొడుతుంది.

తెలుగు విమర్శ తెలిసిన పాఠకునికి ఈ వాదం కొత్తగా ఉండదు. ఇది మన పాత వస్తు శిల్పాల వివాదమే. వస్తువు గొప్పదైతే చాలునన్నవారు మనలో ఉన్నారు. శిల్పమే సర్వస్వమన్నవారూ ఉన్నారు. ఇద్దరు మనుషుల మధ్య పంచబడి, ఇద్దరూ విడిపోయినప్పుడు రెండూ దెబ్బతిన్న ఉదాహరణ ఇక్కడ మన కళ్లముందు ఉన్నది. ఆ దెబ్బ ఇద్దరికీ సమానంగా తగిలిందని నేననను. 'అమ్యూజ్డ్ టు డెత్'లో యుద్ధాన్ని టెలివిజన్‌లో వినోదంగా చూసే సమాజాన్ని పట్టుకున్న తీరు వాటర్స్ శక్తికి సాక్ష్యం. అయినా ఒంటరిగా నిలిచిన ప్రతిభ ఎక్కడెక్కడ ఎండిపోతుందో కూడా అదే ఆల్బమ్ చెబుతుంది.

అయితే రెండు పక్షాలకూ ఉమ్మడిగా ఒక లోపమున్నది. ఇద్దరూ కృతికి ఒక యజమానిని వెతుకుతున్నారు. యజమాని ఎవరన్న దగ్గరే తగాదా. యజమాని ఒకడుండాలన్న దగ్గర ఇద్దరికీ ఏకాభిప్రాయమే. ఒక సాయంత్రం ఇలాంటి చర్చలో, సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఉద్యోగంలో ఉన్న ఒక అమ్మాయి చాలాసేపు మౌనంగా విని, "అందరూ ఇద్దరి పేర్లే చెబుతున్నారన్నా, ఆ కీబోర్డు వాయించినాయన ఎవరి పక్షం?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. నా దృష్టిలో ఆ రాత్రి జరిగిన విమర్శ అదొక్కటే.

కీబోర్డు వాయించినాయన రిచర్డ్ రైట్. 'డార్క్ సైడ్'లో 'అస్ అండ్ దెమ్' పాటకు బాణీ మొదట ఆయన చేతిలో పుట్టింది. 'ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై' స్వరకల్పన ఆయనది. 'ది వాల్' తయారవుతున్న రోజుల్లో ఆయనను బృందం నుంచి తప్పించారు. తప్పించడంలో ముందు నిలిచినవాడు వాటర్సే. 1980, 1981 సంవత్సరాల్లో 'ది వాల్' కచేరీలు జరిగినప్పుడు స్థాపక సభ్యుడైన రైట్ అదే వేదిక మీద జీతగాడిగా వాయించాడు. ఆ కచేరీలకు భారీ ఖర్చయి నష్టం వచ్చింది. నష్టం యజమానులకు పడింది గనుక నలుగురిలో డబ్బు మిగుల్చుకున్నది జీతగాడొక్కడే. చరిత్ర ఒక్కొక్కప్పుడు ఇటువంటి పరిహాసాలు చేస్తుంది. అయినా జీతం ముట్టినంత మాత్రాన తీసివేసిన స్థానం తిరిగి వచ్చినట్లు కాదు. 2005 జూలైలో లండన్ హైడ్ పార్కులో లైవ్ 8 కచేరీకి నలుగురూ మళ్లీ కలిసి వాయించారు. 2008లో రైట్ మరణించాడు.

ఇంకా కిందికి పోదాం. 'ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై'లో మాటలు లేని ఆ ఆర్తనాదం క్లేర్ టోరీ అనే గాయనిది. 1973లో ఒక పూట పాడినందుకు ఆమెకు ముట్టినది 30 పౌండ్లు. ఆ గొంతు కూడా రచనే అని ఆమె 2004లో దావా వేసింది. 2005లో రాజీ జరిగి, అప్పటి నుంచి స్వరకర్తగా రైట్ పేరు పక్కన ఆమె పేరు వేస్తున్నారు. పేరు రావడానికి 30 ఏళ్లు పైగా పట్టింది. ఆ ఆల్బమ్ చివర వినిపించే మాట అబ్బీ రోడ్ స్టూడియో ద్వారపాలకుడు జెరీ ఓడ్రిస్కల్‌ది. ధ్వనిని తీర్చిదిద్దిన ఆలన్ పార్సన్స్ ఆ స్టూడియోలో జీతానికి పనిచేసే ఇంజినీరు.

ఇక 'అనదర్ బ్రిక్ ఇన్ ది వాల్' రెండవ భాగంలో పాడిన పిల్లలు లండన్‌లోని ఇస్లింగ్టన్ గ్రీన్ బడి పిల్లలు. వారి సంగీతం మాస్టారు వారిని తీసుకుపోయి పాడించాడు. బడికి 1,000 పౌండ్లు ఇచ్చారు. పిల్లలకు రాయల్టీ లేదు. పెద్దవాళ్లయిన తరువాత 2004లో వారిలో కొందరు తమ వాటా కోసం అడగవలసి వచ్చింది. పిల్లలను ఇటుకలుగా మార్చే చదువు మీద తిరగబడిన పాటలో, పాడిన పిల్లల పేర్లు కూడా ఇటుకల్లాగే గోడలో కలిసిపోయాయి. వాటర్స్ గొప్పతనాన్ని మెచ్చుకునేవారు ఈ వైరుధ్యాన్ని దాటవేయరాదు.

వైరుధ్యం వ్యక్తి దుర్గుణం మాత్రమే కాదు. దాని వెనుక వ్యాపారం ఉన్నది. 1977 జూలైలో మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియంలో కచేరీ జరుగుతుండగా ముందు వరుసలో గోల చేస్తున్న ఒక అభిమాని మీద వాటర్స్ ఉమ్మివేశాడు. తరువాత తన పనికి తానే అసహ్యపడి, తనకూ శ్రోతలకూ మధ్య లేచిన గోడ గురించి ఆలోచించాడు. 'ది వాల్'కు బీజం అక్కడున్నది. పదులవేల టికెట్లు అమ్ముడయ్యే చోట గాయకుడు సరుకవుతాడు, శ్రోత గిరాకీ అవుతాడు. ఒకరి ముఖం మరొకరికి కనపడదు. దీన్ని వాటర్స్ పసిగట్టాడు. కాని గోడ వేదికకూ శ్రోతకూ మధ్యనే కాక, వేదిక మీద కూడా లేస్తున్నదని, తన చేతనే లేస్తున్నదని ఆయన గుర్తించినట్లు కనబడదు. 2023లో 'డార్క్ సైడ్'ను ఆయన ఒంటరిగా తిరిగి చేసి, గిల్మర్ గిటార్ ఘట్టాల చోట తన మాటలు నింపాడు. ఇదొక ముసలి కళాకారుని ఆత్మపరిశీలన అని మెచ్చుకునేవారున్నారు. నాకు మాత్రం అది తక్కినవారు వెళ్లిపోయిన ఇంట్లో ఒక్కడు కూర్చుని మాట్లాడుకుంటున్నట్లు వినిపించింది. మరుసటి ఏడాది, 2024లో, బృందం రికార్డుల హక్కులు సుమారు 40 కోట్ల డాలర్లకు సోనీ సంస్థ వశమైనట్లు వార్తలు వచ్చాయి. ఎవరిది పింక్ ఫ్లాయిడ్ అన్న వివాదానికి మార్కెట్టు ఇచ్చిన జవాబు అది.

"ఆయన రాజకీయాలు మాకెందుకు, పాట చాలదా" అనేవారు రెండు పక్షాల్లోనూ ఉన్నారు. ఈ మాట నిలవదు. వాటర్స్ తండ్రి ఎరిక్ ఫ్లెచర్ వాటర్స్ ఇటలీలోని ఆంజియో రణరంగంలో 1944 ఫిబ్రవరిలో చనిపోయాడు. అప్పటికి కొడుకు వయస్సు 5 నెలలు. ఆ లోటును తీసివేస్తే 'ది వాల్'లో సగం కూలిపోతుంది. 2020 ఫిబ్రవరిలో లండన్‌లో జూలియన్ అసాంజ్ విడుదల కోసం జరిగిన సభలో, మన దేశపు యువకవి ఆమిర్ అజీజ్ కవితను ఇంగ్లీషులో చదివి వినిపించినవాడు ఈ వాటర్సే. ఆయన ప్రకటనలన్నిటికీ తలూపనక్కర లేదు. అనేకం తీవ్ర వివాదంలో ఉన్నవే. ఒప్పుకున్నా, ఖండించినా అర్థం చేసుకుని ఆ పని చేయాలి. పాటను రాజకీయం నుంచి కడిగి శుభ్రం చేసి వింటామంటే ఆ పాట మిగలదు.

మన సంప్రదాయం వైపు తిరిగి చూద్దాం. బుర్రకథలో కథకుడు తంబురా మీటుతూ నడుమ నిలుస్తాడు. ఇరుపక్కల గుమ్మెటలతో వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. వంత పలకనిదే కథ అడుగు వేయదు. కథకుడు ఊపిరి తీసుకునే చోటు కూడా వంత ఇచ్చినదే. ప్రజానాట్యమండలి ఈ కళను ఊరూరా తిప్పినప్పుడు ఇదొక సామూహిక కళగా జనం హృదయాల్లో నిలిచింది. అయినా మనం గర్వపడి ఊరుకోవడానికి వీలులేదు. నాజర్ పేరు తెలిసినవారిలో ఆయన పక్కన గుమ్మెట వాయించినవారి పేర్లు చెప్పగలవారెందరు? ఇంగ్లాండులో జరిగిన అన్యాయం మన ఊళ్లోనూ మరో రూపంలో జరిగింది.

నేటి హైదరాబాదులోనూ ఇదే ప్రశ్న లేచింది. 'చౌరస్తా' అనే బృందం తెలుగు జానపద బాణీలకు రెగ్గే లయను జోడించి యువకులను ఆకట్టుకున్నది. ఆ బృందం నుంచి వచ్చిన రామ్ మిరియాల సినిమా పాటకు వెళ్లాడు. 2022లో వచ్చిన 'డీజే టిల్లు' పాటతో ఆయన గొంతు వాడవాడలా మోగింది. ఆ పాట మాటలు కాసర్ల శ్యామ్‌వి. శక్తి ఉన్న కళాకారుడు విశాలమైన రంగానికి పోవడం తప్పు కాదు. కాని సినిమా ఒక గొంతును ఎత్తి చూపేటప్పుడు, ఆ గొంతుకు పదును పెట్టిన సహవాసాన్ని మరుగున పడవేస్తుంది. ఆ సహవాసాన్ని గుర్తు పెట్టుకోవడం శ్రోత చేయవలసిన పని.

ఈ పనికి హైటెక్ సిటీ శ్రోత కంటే తగినవాడు మరొకడు లేడు. పదిమంది కలిసి రాత్రింబవళ్లు కట్టిన ప్రోగ్రాము మీద ఏ ఒక్కరి పేరూ ఉండదని అతనికి తెలుసు. ఏడాది చివర ఆ పదిమందినే విడదీసి, ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ మార్కులు వేసి, ఒకరిని బెంచి మీద కూర్చోబెట్టడమూ అతనికి అనుభవమే. రైట్ కథ అతనికి విదేశీ కథ కాదు. పగలు తన మీద ప్రయోగించిన కొలబద్దనే రాత్రి పాట మీద ప్రయోగించి, నంబరు ఒకటి ఎవరని తేల్చాలని చూడడమే విచారకరం. ఆ కొలబద్ద అతనిది కాదు. పై అంతస్తులో కూర్చున్నవారిది.

కనుక వాటర్స్‌ను వినవద్దని నేననను. ఇంకా శ్రద్ధగా వినమంటాను. గిటార్ వెనుక కీబోర్డును, కీబోర్డు వెనుక ఆ గాయని గొంతును, ఆ పిల్లల గుంపును, తలుపు దగ్గర నిలబడిన ఓడ్రిస్కల్‌ను వినమంటాను. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు వెతికే శ్రోతకు, మర్నాడు తన ఆఫీసులో ఎవరి పేరు ఎక్కడ రాలిపోయిందో కూడా కనబడుతుంది.