రెంటచింతల ఎండ, గానుగ సున్నం చలవ

వేసవి ముదిరిందంటే పేపర్లలో కనిపించే పల్నాటి ఊరి పేరు రెంటచింతల. 45 డిగ్రీలు దాటడం ఆ ఊరికి కొత్తేమీ కాదు. కానుకమాత చర్చి ఉన్నదీ ఆ ఊళ్ళోనే. మే నెల మిట్టమధ్యాహ్నం పల్నాటి పాత చర్చి గడప దాటితే ముందు ఒంటికి తగిలేది చల్లదనం, ఆ తర్వాతే కంటికి పీఠం కనిపిస్తుంది. ఆ చల్లదనం మేస్త్రీల చేతిపని. చర్చి చరిత్ర రాసేవాళ్ళు కట్టించిన గురువుల పేర్లు రాస్తారు, కట్టిన చేతులను మరిచిపోతారు.

కట్టించినవారి కథ కూడా చిన్నదేం కాదు. 18వ శతాబ్దంలో జెస్విట్ల కర్ణాటక మిషన్ రాయలసీమలో పనిచేసింది. అక్కడ జ్ఞానస్నానం పొందిన రెడ్డి కుటుంబాల్లో కొన్ని గుంటూరు సీమకు తరలివచ్చాయి. 1773లో పోపు జెస్విట్ల సభనే రద్దు చేశాడు. గురువులు కరువైన ఆ రోజుల్లో విశ్వాసం ఉపదేశుల నోటా, ఇళ్ళలోని జపమాలల మీదా నిలిచింది. ఇంగ్లండులో 1866లో పుట్టిన మిల్‌హిల్ సభ గురువులు 1875 నుంచి ఇటు రావడం మొదలైంది. వారిలో థియోడర్ డీక్‌మన్ నరసరావుపేట దారిలోని ఫిరంగిపురంలో బాలయేసు దేవాలయం కట్టించాడు. గుంటూరు మేత్రాసనం ఏర్పడింది మాత్రం 1940లో.

ఆ గురువులు వెంట తెచ్చుకున్న ఊహ గోతిక్ చర్చి. మొనదేలిన కమానులు, నిలువెత్తు కిటికీలు, వాటికి రంగుటద్దాలు. వెలుతురు కరువైన ఉత్తర యూరప్ దేశాల్లో ఎండను లోపలికి పిలవడానికి పుట్టిన పద్ధతి అది. పల్నాడులో అవసరం సరిగ్గా తలకిందులు. ఇక్కడ ఎండను గుమ్మం దగ్గరే ఆపాలి. గోడ మందంగా ఉంటే పగటి వేడి లోపలిదాకా చేరేసరికి పొద్దు వాలుతుంది. కప్పు ఎత్తుగా ఉంటే వేడిగాలి మోకరించినవాళ్ళ తలలకు చాలా పైనే ఉండిపోతుంది. కమాను రూపం యూరప్‌దే అయినా గోడ బుద్ధి మాత్రం మనది.

ఆ గోడకు ప్రాణం గానుగ సున్నం. పల్నాడు సున్నపురాయి నేల. పిడుగురాళ్ళ పేరు చెబితే ఎవరికైనా బట్టీలే గుర్తొస్తాయి. రాయిని 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. మిగిలిన గడ్డల మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి పొడిగా విచ్చుకుంటాయి. ఇసుక కలిపి దాన్ని గానుగలో వేస్తారు. గుండ్రటి కాలువ, అందులో దొర్లే బరువైన రాతిచక్రం, దాన్ని లాగుతూ తిరిగే ఎద్దులు. కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోస్తూ నూరుతారు. పైపూతకు వాడే సున్నం వేళ్ళ మధ్య వెన్నలా జారాలి. పూత కాస్త గట్టిపడ్డాక నున్నటి గులకరాయితో రుద్దుతూ పోతే మెరుపు వస్తుంది. అరచెయ్యి ఆనిస్తే పాలరాయేమో అనిపించే గోడలు ఇలా తయారైనవే.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఆ తర్వాత జరిగేది. బట్టీలో పోగొట్టుకున్న వాయువును సున్నం ఏళ్ళ తరబడి గాలి నుంచి మెల్లగా తిరిగి పీల్చుకుంటుంది, మళ్ళీ సున్నపురాయి అవుతుంది. అంటే మేస్త్రీ వెళ్ళిపోయాక కూడా గోడ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

కింద నాపరాళ్ళు. మాచర్ల నాపరాయి మోకాళ్ళకు చల్లగా తగులుతుంది. గోడల పొడవునా సిలువమార్గం 14 స్థలాలు. తపస్సుకాలం శుక్రవారాల్లో జనం ఒక్కో స్థలం దగ్గరా ఆగి ముందుకు సాగుతారు, ఆ నడకకు చోటు వదిలి కట్టడం కూడా పనితనమే. ఎదురుగా పీఠం. 1960ల దాకా గురువు జనానికి వీపు పెట్టి, గోడకు ఆనించిన పీఠం వైపు తిరిగి లాటిన్‌లో పూజ చేసేవాడు. రెండో వాటికన్ మహాసభ (1962–65) తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది, గురువు జనం వైపు తిరిగాడు. చాలా చర్చిల్లో వెనక పాత పీఠాన్ని ఉంచి, ముందు కొత్త బల్ల వేశారు. వెనకదాన్ని పగలగొట్టకుండా ఉంచిన విచారణలకు దణ్ణం పెట్టాలి.

నునుపు గోడ, ఎత్తు కప్పు కలిసి గొంతును చాలాసేపు తిప్పుతాయి. సాగదీసి పాడే పాటకు అది సొంపు, పెద్ద మైకులకు చేటు. ఇలాంటిచోట స్పీకర్లు పెంచడంకంటే పాటను నిదానం చేయడం మేలు.

మరమ్మతుల దగ్గరే నా బాధంతా. పాత సున్నపు గోడమీద సిమెంటు పూస్తే నేలనుంచి పైకెక్కే తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. లోపలే ఉప్పు పేరుకుని కొన్నేళ్ళకు పూత పెచ్చులుగా ఊడుతుంది, దాంతోపాటు పాత పనీ రాలుతుంది. టైల్స్ అతికించినా అంతే. తిరునాళ్ళకు ముందు హడావుడిగా రంగులు వేయించే పెద్దలు ముందు ఒక మూల నాలుగడుగుల గోడ సున్నంతో బాగుచేయించి, ఒక వానాకాలం గడిచాక చూడాలి. రాయి ఇక్కడిదే, బట్టీ ఇక్కడిదే. గానుగ పని ఎరిగిన ముసలి మేస్త్రీలు ఇంకా ఉండగానే వాళ్ళ పక్కన ఇద్దరు కుర్రాళ్ళను నిలబెట్టాలి.