కాలు లాక్కోవద్దు

జియు-జిట్సులో కొత్తగా మ్యాట్ ఎక్కినవాడు హాఫ్ గార్డ్‌లో చిక్కగానే చేసే మొదటి పని కాలు లాక్కోవడం. కిందివాడి కాళ్ల మధ్య ఇరుక్కున్నది ఒక్క కాలే కదా, అది ఊడొస్తే పనైపోయినట్టేనని లెక్క. కానీ ఎంత లాగితే అంత బిగుస్తుంది, ఉడుం పట్టులా. పైగా లాగే తొందరలో నడుము లేస్తుంది, ఛాతీల మధ్య సందు పడుతుంది, మరుక్షణం మనమే వెల్లకిలా ఉంటాం. ఇలా ఎన్నిసార్లు పల్టీ కొట్టానో లెక్కపెట్టడం మానేశాను.

ఈ హాఫ్ గార్డ్‌కు మొదట్లో విలువ లేదు. జూడో మనిషి మిత్సుయో మాయెదా 1914లో బ్రెజిల్ చేరాడు. ఆయన దగ్గర నేర్చిన విద్యను గ్రేసీ కుటుంబం జియు-జిట్సుగా మలిచింది. అందులో కింద ఉండి రెండు కాళ్లతో ఎదుటివాడి నడుము బిగించే గార్డ్‌కే గౌరవం. ఎదుటివాడి ఒక్క కాలే పట్టులో మిగిలిందంటే సగం ఓడినట్టు. ఆ లెక్క మార్చినవాడు రియోకు చెందిన రొబెర్టో కొరేయా. అందరూ గోర్దో అంటారు, అంటే లావుపాటివాడు. మోకాలు దెబ్బతిని మామూలు గార్డ్ ఆడలేక, హాఫ్ గార్డ్ నుంచే పైవాణ్ణి తిరగేయడం సాధన చేశాడు. 1990ల నుంచి అది దాడికి దిగే చోటైంది. దాంతో దాన్ని దాటడమూ ఒక విద్య అయింది.

ఆ విద్య కాలి దగ్గర మొదలవదు, ముఖం దగ్గర మొదలవుతుంది. నా కుడికాలు చిక్కిందనుకోండి. ఎడమచేయి అతని మెడ కిందికి పోవాలి, భుజం దవడకు ఆనాలి. దీన్ని క్రాస్‌ఫేస్ అంటారు. కొట్టడం కాదు, మోపడం. అతని ముక్కు అవతలికి తిరిగేదాకా నా బరువంతా ఆ భుజం ఎముకలోకి దిగాలి. తల ఎటు తిరిగితే ఒళ్లూ అటే పోతుంది కాబట్టి, నా వైపు ఒత్తిగిలి పడుకున్నవాడి వీపు మెల్లగా నేలకు అంటుకుంటుంది. వీపు అంటుకుంటే కాళ్ల బలం సగం పోయినట్టే.

ఇక కుడిచేయి అతని ఎడమ చంక కింద దూరాలి. అండర్‌హుక్. అతనికి కావలసిందీ అదే పక్కన అదే పట్టు. నిజమైన పోరు ఈ చంక కోసమే, కాలు ఊరికే తాకట్టు వస్తువు. చంక అతనికి దక్కితే నా వీపు వెనక్కి పాకి వస్తాడు. అప్పుడు పైనుంచి ఆ చేతిని చుట్టి బిగించడం, లేదా నడుము తిప్పి అతని కాళ్ల వైపు తిరగడం తప్ప గతి లేదు. మోకాలు అడ్డుపెట్టి తోసేవాడైతే ముందు ఆ రెండు మోకాళ్లనూ ఒకదానిమీద ఒకటి అణచాలి. దానికి ఓపిక కావాలి.

రెండు పట్లూ దొరికాక కూడా లాగడం ఉండదు. చిక్కిన కాలి మోకాలిని అతని తొడ మీదుగా, కత్తితో కోసినట్టు ఏటవాలుగా నేలకు జారుస్తాం. ఇంగ్లీషు పేరు కూడా ‘నీ కట్’, అంటే మోకాలి కోత. మోకాలు దాటాక మిగిలేది చీలమండ. ఖాళీగా ఉన్న పాదంతో అతని మోకాలిని నెడితే అదీ వదులుతుంది.

అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య (ఐబీజేజేఎఫ్) నిబంధనల్లో గార్డ్ దాటితే 3 పాయింట్లు, అయితే 3 సెకన్లు నిలబెట్టుకోవాలి. కిందివాడు మళ్లీ మోకాలు దూర్చేది ఆ మూడు సెకన్లలోనే. అందుకే పాదం బయటికొచ్చినా దవడ మీది భుజం కదపకూడదు.