వేసవి పెరడు - ప్రబంధపు తోట

ఋతువర్ణనమును, ఉద్యానవిహారమును అష్టాదశ వర్ణనములలో చేర్చి లాక్షణికులు మహాకావ్యమునకు నియమము చేసిరి. ఆ నియమమును పాటించుటలో మన ప్రబంధకవులు వెనుదీసినవారు కారు. అయినను వారి తోటలను చదివి, వేసవి సాయంకాలమున మన పెరటిలోనికి పోయి చూచినయెడల కొన్ని పద్యములు నిలుచును, కొన్ని వాడిపోవును. పూలను గూర్చిన కవిత్వమునకు పెరటిమొక్కయే గీటురాయి యని నా అభిప్రాయము. నేను పండితుడను కాను. గుమాస్తాగిరి చేసి విశ్రాంతి పొందినవాడను. ఈ నాలుగు మాటలను సహృదయులు ఆ కొలతతోనే చదువ ప్రార్థన.

అశోకము సుందరి పాదతాడనమున, పొగడ ఆమె పుక్కిటి మద్యమున, గోరంట ఆలింగనమున, తిలకము చూపున పూచునని దోహదసంప్రదాయము చెప్పును. మొదటిమాఱు చదివినపుడు ఇది చమత్కారమే. పది కావ్యములలో పదిమాఱులు వచ్చిన పిమ్మట, కవి చెట్టును చూచి వ్రాసెనా, వేఱొక కావ్యమును చూచి వ్రాసెనా అను అనుమానము కలుగక మానదు. మల్లెను పెంచినవారికి అది పూయు విధము తెలియును. మార్గశిర పుష్యములలో నీరు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, పిమ్మట ఎరువు వేసి నీరు పెట్టినచో, ఫాల్గుణమున మొగ్గ తొడిగి చైత్ర వైశాఖములలో విరగబూయును. మనము తాళలేని ఎండ దానికి ప్రాణము. ఇంత వింత కంటియెదుట నుండగా కవికి పాదతాడనము ఏల? కాళిదాసు శాకుంతల ప్రస్తావనలో వేసవిని పాడించునపుడు దిరిసెన పూవును ఎన్నుకొన్నాడు. దిరిసెన నిజముగా ఎండకాలపు పువ్వు. సంప్రదాయము కవి కన్నులను మూయవలెనను నిర్బంధము లేదనుటకు ఇది చాలును.

మన భాషలో అట్టి కన్నులు తెఱచిన గ్రంథము ఆముక్తమాల్యద. కన్నడసీమలో రాజధాని గల కృష్ణదేవరాయలు, తమిళసీమలోని శ్రీవిల్లిపుత్తూరు కథను, తెలుగున రచించెను. మనవంటి ప్రవాసాంధ్ర కుటుంబములకు ఇంతకంటె స్వంతమైన కావ్యము వేఱొకటి కానరాదు. ఇందు పువ్వు ఉపమానముగా వచ్చి పోవునది కాదు. కథయే దండమీద నడచును. విష్ణుచిత్తునికి గోద దొరకినది తులసివనమున. ఆమె తాను ముడిచి విడిచిన దండను దేవునికి సమర్పించుటయే కథాబీజము; గ్రంథనామమునకు అర్థమును అదియే. వేసవిలో అతిథులకు చెఱకురసము, కొబ్బరినీరు, నీరుమజ్జిగ, మేనికి గంధము ఒసగిన గృహస్థుని చిత్రించిన కవి, ఎండను పుస్తకములోగాక ఒడలిమీద ఎఱిగినవాడు. భాష కఠినమను ఆక్షేపణ నిజమే. కొబ్బరికాయ పగులగొట్టనిదే నీరు దక్కదు.

ఇక సంపెంగ పద్యము. తుమ్మెద అన్ని పూల తావిని గ్రోలుచు తన దరికి రాకున్నదని సంపెంగ అలిగి, తపము చేసి, స్త్రీ నాసికయై పుట్టి, సకల పరిమళములకు నెలవై, చూపులనెడు తుమ్మెదలను ఇరుప్రక్కల నిలుపుకొన్నదని దాని భావము. వసుచరిత్రలో నున్న ఈ పద్యము నంది తిమ్మనదనియు, దానివలననే ఆయన ముక్కు తిమ్మన అయ్యెననియు జనశ్రుతి. కర్త ఎవరైనను, ఆ ఊహ అంతయు సంపెంగ మొగ్గ ఆకారముపై నిలిచియున్నది. బంగారు వన్నె, కొనదేరిన నిడుపు మొగ్గ. చూచినవారికి ముక్కు అని వేఱుగ చెప్పనక్కఱలేదు.

అయితే తమిళనాట పుట్టి పెరిగిన మన పిల్లకు సంపెంగ యనగా ఏమి తోచును? ఇచ్చటి పూలబజారులో సంపంగి యని అమ్మునది తెల్లని గొట్టపు పువ్వు. తెలుగున దానిని నేలసంపెంగ యనియు, లిల్లీ యనియు అందురు. అది దుంపనుండి మొలచును. దాని పుట్టినిల్లు మెక్సికో. మన సంపెంగ ఇచ్చట సెణ్బగము. కన్నడమున సంపిగె యనగా అసలు సంపెంగయే. నేలసంపెంగ అక్కడ సుగంధరాజ. మహారాష్ట్రమున నేలసంపెంగ నిశిగంధ, ఒడిశాలో రజనీగంధ. సంపెంగకు మాత్రము ఆ రెండుచోట్లను చాఫా, చంపా అను పాత పేరే నిలిచినది. తెల్లని గొట్టమును మనసున నుంచుకొని ఆ పద్యము చదివిన బాలికకు ముక్కు ఎట్లు కనబడును? పద్యము కంఠస్థమగును, కవిత్వము చేతికందదు. నిఘంటువు తెఱచిన 'చంపకము' అని యుండును. దానితో పని తీరదు.

మొల్ల యను మాటయు అట్టిదే. రామాయణకర్త్రి పేరుగా మాత్రమే దానిని ఎఱిగిన పిల్లకు, పొరుగింటి తమిళుల ముల్లైయును మన మొల్లయును ఒకే కుదుటి మాటలని తీగతోసహా చూపవలెను. బడిలో తెలుగు తగ్గి, ఇంటిమాటగా మాత్రమే మిగిలిన కుటుంబములలో మొదట జాఱిపోవునవి ఇట్టి పేరులే: పూలు, ఆకుకూరలు, చుట్టరికపు వరుసలు.

ఆధునికులలో కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి (1912-1992) పుష్పవిలాపము ఘంటసాలవారి గానమువలన ఇంటింటికిని చేరినది. కోయవచ్చినవానితో పూలు మొఱపెట్టుకొనుట అందలి విషయము. కరుణరసమునకు కొదువ లేదు. కాని అందలిది పేరులేని పూలమొక్క. మల్లెయే సాక్ష్యమిచ్చినచో వేఱొకమాట చెప్పును: సాయంకాలమునకు ముందు మొగ్గను కోయకున్నను, రాత్రి విచ్చి మఱునాటికి వాడి రాలును. గోద దండ గ్రుచ్చినది హింస కాదు, సేవ. అయినను అవసరమునకు మించి కోయు చేతిని కరుణశ్రీ నిలిపినాడు. అది చిన్న మేలు కాదు. కొమ్మమీది పువ్వును చూడ నేర్పినది ఒక కావ్యము, దండలోని పువ్వును చూడ నేర్పినది మఱొకటి. పెరటిలో రెండును కావలెను.

కావున మన సంఘములవారు పద్యపఠనపు పోటీలు పెట్టునపుడు, పద్యముతోపాటు పువ్వునుగూడ పిల్లల ముందుంచుట మంచిది. మల్లెకు ఎండ తగులు కుండీ చాలును. సంపెంగ పెద్ద చెట్టగును; అంటుమొక్క గింజమొక్కకంటె ముందుగా పూచును. చోటు లేనివారు వీధిలోనో కోవెలలోనో ఉన్న చెట్టును చూపవచ్చును. చూపునపుడు తెలుగు పేరుతోపాటు ఇరుగుపొరుగువారి పేరునుగూడ చెప్పుడు. అప్పుడే బజారు సంపంగికిని, పద్యపు సంపెంగకును గల భేదము పిల్లకు తెలియును. తిమ్మన పద్యము ఆమెకు దక్కును.