వాషింగ్ మెషీను లోపముల పట్టిక

వాషింగ్ మెషీనుతో పాటు ఇచ్చే చిన్న పుస్తకములోని చివరి పుటలను కొన్ననాడు ఎవరూ చదవరు. యంత్రము ఆగిననాడు చదువుతారు. అక్కడ ఒక పట్టిక ఉంటుంది. ఎడమ వైపున యంత్రము మీద వెలిగే అక్షరములు, వాటి కెదురుగా అర్థము, ఆ ప్రక్కన చేయవలసిన పని. ఒక రకపు యంత్రములో 'ఐ ఇ' అని, మరొక రకములో '4 సి' అని వెలుగుతుంది. రెంటి అర్థమూ ఒక్కటే: నీరు రాలేదు. కుళాయి తిప్పి చూడండి, గొట్టము మడత పడినదేమో చూడండి, అప్పటికీ రాకపోతే కంపెనీ మనిషిని పిలవండి. పట్టిక ఇంతటితో ముగుస్తుంది. ఉన్నత పాఠశాలలో నేర్చిన భౌతికశాస్త్రము ఇంటిలో అక్కరకు రాగల సందర్భములలో ఇది ఒకటి గనుక, ఈ పట్టికను కూడ ఒక శాస్త్ర రచనగానే పరీక్షించవలసి ఉన్నది.

దీనిలోని పెద్ద దోషము, అనుమానమును ప్రత్యక్షమువలె చెప్పుట. నీరు వచ్చినదీ రానిదీ యంత్రము చూడలేదు. తొట్టి అడుగు నుండి ఒక సన్నని గొట్టము పైకి పోతుంది. తొట్టిలో నీరు పెరిగిన కొలదీ ఆ గొట్టములో చిక్కిన గాలి నొక్కుకొని పోతుంది. ఆ పీడనమును పై కొనన ఉన్న పలుచని పొర గ్రహిస్తుంది. కవాటము తెరచిన తరువాత ఇన్ని నిమిషములలో ఇంత పీడనము రావలెనని ఒక గడువు ఏర్పరచి ఉంటుంది. రాకపోతే అక్షరములు వెలుగుతాయి. అనగా యంత్రము చెప్పేది "గడువు తీరినది" అని మాత్రమే.

గడువు తీరుటకు కారణములు అనేకము. నీరు అసలు రాకపోవచ్చు; వచ్చినా చాలినంత వేగముతో రాకపోవచ్చు; సన్నని గొట్టములో సబ్బు మడ్డి చేరి పీడనము పైకి అందకపోవచ్చు. వీటన్నిటి కంటె వింతైనది మరొకటి ఉన్నది. మురుగు నీటి గొట్టపు కొన జారి బాల్కనీ తూము దగ్గర నేల మీద పడితే, సైఫను సూత్రము ననుసరించి, వచ్చిన నీరు వచ్చినట్లే బయటికి పోతుంది. నీరు ధారాళముగా వస్తున్నా వెలిగేవి ఆ అక్షరములే! ఆ కొన నేల నుండి సుమారు 60 మొదలు 100 సెంటీమీటర్ల ఎత్తున ఉండవలెనని పుస్తకములు సాధారణముగా వేరొక పుటలో చెప్తాయి. ఎందుకో చెప్పవు. ఆ పుటకూ ఈ పట్టికకూ సంబంధమున్నదని పాఠకునికి తోచే మార్గము లేదు.

విశాఖపట్నములో ఎం.వి.పి. కాలనీలోనో గాజువాకలోనో ఒక అపార్టుమెంటును తీసుకొందము. నీరు డాబా మీది ట్యాంకు నుండి దిగుతుంది. ఒక మీటరు ఎత్తు గల నీరు కలిగించే పీడనము 9.8 కిలోపాస్కలులు. గది ఎత్తు 3 మీటర్లు, యంత్రములోనికి నీరు పోయే ద్వారము నేలకు 0.8 మీటరు ఎత్తున ఉన్నవనుకొంటే, పై అంతస్తులోని యంత్రమునకు ట్యాంకు అడుగు 2.2 మీటర్ల ఎత్తున మాత్రమే ఉంటుంది. ట్యాంకులో ఒక మీటరు నీరున్నప్పుడు పీడనము 31 కిలోపాస్కలులు. నీరు అడుగంటినప్పుడు 22. కనీసము 30 కావలెనని కోరే యంత్రములు చాలా ఉన్నవి. కనుక పంపు వేసిన ఉదయము చక్కగా ఉతికిన యంత్రము సాయంత్రము మొరాయిస్తుంది. రెండంతస్తుల దిగువన అదే యంత్రమునకు 80 కిలోపాస్కలులు అందుతాయి గనుక అక్కడ ఏ చిక్కూ లేదు. గొట్టములలోని ఘర్షణ ఈ లెక్కలో చేర్చలేదు. చేర్చితే పై అంతస్తు పరిస్థితి మరింత హీనము. ఇట్టి ఇంటిలో కవాటము మార్చి ఏమి ప్రయోజనము?

దీనిని తేల్చుటకు కావలసినవి ఒక బకెట్టు, ఒక గడియారము. కుళాయి కట్టి, గొట్టమును యంత్రము నుండి విప్పి, బకెట్టులో పెట్టి కుళాయి తెరచి, నిమిషమునకు ఎన్ని లీటర్లు వస్తున్నవో కొలవవలెను. ధార సన్నగా ఉంటే లోపము ఇంటిది, యంత్రముది కాదు. ధార బాగున్నచో ద్వారము వద్ద ఉన్న సన్నని జల్లెడను చూడవలెను. ఇసుక, తుప్పు, బోరు నీటి గార అక్కడ చేరుతాయి. జల్లెడ శుభ్రముగా ఉన్నప్పుడే కవాటమును అనుమానించవలెను. ప్లగ్గు ఊడదీసిన పిమ్మట మల్టీమీటరుతో కవాటపు తీగచుట్టను కొలిస్తే నిరోధము సాధారణముగా కొన్ని వేల ఓములు ఉంటుంది. అనంతమని చూపితే తీగ తెగినదన్నమాట. నీటిని వేడిచేసే హీటరు సంగతీ ఇంతే. 230 వోల్టుల వద్ద 2,000 వాట్ల హీటరు నిరోధము ఎంత అన్నది పదవ తరగతి లెక్క. జవాబు సుమారు 26 ఓములు. మీటరు అంతే చూపితే హీటరు నిర్దోషి.

పట్టిక వదలిపెట్టిన దానిని మరమ్మతుదారుడు పూరిస్తాడా అంటే, అన్నివేళలా కాదు. పెదవాల్తేరు, భీమిలి వంటి చోట్ల బాల్కనీలోని యంత్రమునకు ఉప్పు గాలి నిత్యము తగులుతుంది. లోపలి తీగల కొనలకు పచ్చని చిలుము పట్టి అతుకుల వద్ద నిరోధము పెరుగుతుంది. యంత్రము ఒకనాడు నడచి ఒకనాడు ఆగుతుంది. బోర్డు పోయినదని తీర్పు, వేల రూపాయల కొత్త బోర్డు, యంత్రము నడుచుట. ఇంతకన్న నిదర్శనమేమి కావలెనని తోచవచ్చు. కాని బోర్డు మార్చేటప్పుడు కనెక్టర్లన్నియు ఊడదీసి మరల బిగించవలసినదే కదా! ఆ రాపిడికి చిలుము రాలిపోతుంది. ఒకే ప్రయోగములో రెండు మార్పులు జరిగినవి. ఫలితము దేనిదో ఎట్లు చెప్పగలరు? పాత బోర్డుతోనే కనెక్టర్లను ఒకసారి ఊడదీసి బిగించి చూస్తే సందేహము చాలవరకు తీరేది. నౌకాశ్రయములోను, ఉక్కు కర్మాగారములోను పెద్ద మోటార్ల లోపములను ఒక వరుసలో వెదకే ఫిట్టర్లు నివసించే నగరములో ఇట్టి తీర్పులు చెల్లుబాటగుట విచిత్రమే.

పట్టిక రాసినవారి పక్షమున చెప్పవలసినదీ ఉన్నది. నీరు, విద్యుత్తు ఒకచోట ఉన్న యంత్రమిది. ప్లగ్గు తీసిన తరువాత కూడ మోటారు కెపాసిటరులో ఆవేశము నిలిచి ఉండవచ్చు. యంత్రమును తాకితే జివ్వుమన్నచో అది ఎర్తు లోపము. వెంటనే మెయిను కట్టి ఎలక్ట్రీషియనును పిలవవలసిన విషయము, ఇంటివారి ప్రయోగమునకు తగినది కాదు. కాని ఈ భయము వెనుక పలక విప్పుటకు వర్తిస్తుంది. సైఫను సంగతి, ట్యాంకు ఎత్తు సంగతి చెప్పకుండుటకు వర్తించదు. బకెట్టు పరీక్షలో ఏ ప్రమాదమున్నది?

యూరోపియన్ యూనియనులో 2021 మార్చి 1 నుండి అమలైన నియమముల ప్రకారము ఒక నమూనా అమ్మకము నిలిచిన తరువాత కూడ కనీసము 10 సంవత్సరములు వాషింగ్ మెషీను విడిభాగములు దొరకవలెను. అయితే అక్కడ కూడ మోటారు, పంపు వంటివి, మరమ్మతు వివరములు వృత్తిదారులకే. ఇంటివారికి తలుపు, రబ్బరు పట్టీ వంటి కొద్ది భాగములు మాత్రమే. భారతదేశములో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టలును ప్రారంభించినది. కంపెనీల పుస్తకములు, సేవా కేంద్రముల వివరములు ఒకచోట దొరకవలెనని దాని ఉద్దేశము. కాని అక్కడ చేరేది ఈ పట్టికయే అయితే, దొరికే చోటు మారినది గాని దొరికే వస్తువు మారలేదు. 'ఐ ఇ' కెదురుగా "గడువులో తొట్టి నిండలేదు, ముందు మురుగు గొట్టపు కొన ఎక్కడున్నదో చూడండి, తరువాత బకెట్టుతో ధారను కొలవండి" అని తెలుగులో అచ్చు వేయుటకు రెండు పంక్తుల కంటె ఎక్కువ చోటు పట్టదు.